మూఢంలో దర్వాజ

అమీర్‌పేట ఆడపిల్లల హాస్టళ్ళలో పొద్దున ఉప్మా అంటే పిల్లలు మొహం మాడ్చుకుంటారు. వనిత చేసిన ఉప్మాకు మాత్రం రెండోసారి పళ్ళెం పట్టుకుని వస్తారు. అందులో రహస్యమేమీ లేదు, రవ్వను ఓపిగ్గా వేయిస్తుంది, అంతే. ఆ సోమవారం కూడా కొంగు నడుముకు దోపి, పెద్ద మూకుడు ముందు నిలబడి గరిటె తిప్పుతోంది. రవ్వ వాసన మారే ఘడియ వచ్చిందో లేదో, కిటికీలో పెట్టిన ఫోను మోగింది. చేతిలో పని ఉన్నప్పుడే మోగడం ఆ ఫోనుకు పుట్టుకతో వచ్చిన బుద్ధి.

"వనితమ్మా, నేను బుచ్చిబాబుని, పంజాగుట్ట లోన్ ఆఫీసు నుంచి. మీరూ మీ ఆయనా ఇవాళ ఒకసారి వచ్చి వెళ్ళండి. ఫోన్లో చెప్పేది కాదు."

ఫోన్లో చెప్పేది కాదు అన్నారంటే అది మంచి మాట అయ్యే అవకాశం తక్కువ. వనిత గరిటె ఆగిపోయింది. కింద పీట మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్న అత్త లచ్చమ్మ ముక్కు ఎగబీల్చి, "మాడుతుంది బిడ్డా," అంది.

"ఎవలు ఫోన్ల?" అని తనే మళ్ళీ అడిగింది.

"లోన్ ఆఫీసు సారు. రమ్మంటుండు."

"పైసలు వడ్డయా?"

"పడితే రమ్మనడు కదత్తమ్మా. పడినట్టు మెసేజే వస్తది."

లచ్చమ్మ మళ్ళీ ఉల్లిగడ్డల మీద పడింది. ఆమె తరిగితే ముక్కలన్నీ ఒక్క తీరున ఉంటాయి. హాస్టల్ యజమానురాలు కమలకుమారి ఆ ముక్కలు చూసే ఆమెను పనిలో పెట్టుకుంది. కోడలికి జీతం, అత్తకు రెండు పూటలా భోజనం, పండక్కి చీర.

ఇల్లు అనుకుంటున్నారే గానీ వాళ్ళకున్నది ఇప్పటికి ఒక బేస్‌మెంట్ మాత్రమే. చేగుంట అవతల, లచ్చమ్మ పేరున ఉన్న చిన్న జాగాలో, నేల నుంచి నడుమెత్తు లేచి ఆగిపోయిన రాతి కట్టడం. పల్లెల్లో ఇల్లు కట్టుకునేవాళ్ళకు సర్కారు పూచీ మీద తక్కువ వడ్డీకి అప్పిస్తారని తెలిసి, మొగుడు హనుమాండ్లును వెంటేసుకుని కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగి తెచ్చుకుంది వనిత. ఆ డబ్బు ఒక్కసారి ఇవ్వరు. బేస్‌మెంట్‌కు కొంత, దర్వాజ నిలబెట్టి గోడలు మొదలుపెడితే కొంత, స్లాబుకు కొంత. హనుమాండ్లు పంజాగుట్టలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. మెట్ల కింది గదిలో కాపురం. రిటైరైన వాచ్‌మన్‌ను ఎవరూ చూసి ఉండరు, తీసేసిన వాచ్‌మన్‌లనే చూస్తాం. తీసేసిన రోజు సాయంత్రానికల్లా గది ఖాళీ చెయ్యాలి. వనిత భయమల్లా ఆ సాయంత్రం గురించే. అది వచ్చేలోపల తలమీద తమదే అయిన కప్పు ఒకటి ఉండాలి.

మధ్యాహ్నం భోజనాలు వడ్డించి, మూకుళ్ళు తోమేసి, ఆమె మెట్రో స్తంభాల నీడ పట్టుకుని నడిచి పంజాగుట్ట చేరింది. ఆఫీసు చీరల దుకాణం పైన మూడో అంతస్తులో ఉంటుంది. హనుమాండ్లు అప్పటికే వచ్చి, యూనిఫాం చొక్కా మీద ఇంకో చొక్కా తొడుక్కుని, లిఫ్టు దగ్గర నిలబడి ఉన్నాడు. అక్కడి సాటి వాచ్‌మన్ ముందు కస్టమర్‌లా కనబడాలని అతని తాపత్రయం.

బుచ్చిబాబు తణుకు వైపు మనిషి. నుదుట సన్నటి బొట్టు, చొక్కా జేబులో రెండు పెన్నులు. ఎదుటివాళ్ళను కూర్చోబెట్టి టీ చెప్పాకే మాట మొదలుపెడతాడు. ఆ టీ రాగానే వనిత గ్లాసును ముట్టకుండా పక్కకు జరిపింది.

"చూడండమ్మా, మీకిచ్చే ఈ తక్కువ వడ్డీ డబ్బు మా కంపెనీది కాదు. పైనుంచి వస్తుంది. ఈ ఏడాదికి వచ్చింది అయిపోవచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా రెండో మెట్టు చేరిన ఇళ్ళకే ఇమ్మన్నారు. మిగతావాళ్ళు ఆగాలి."

"ఎన్నొద్దులు ఆగాలె సార్?" అన్నాడు హనుమాండ్లు.

"అది నాకు తెలిస్తే మిమ్మల్ని ఇంత హడావిడిగా పిలవను. ఏప్రిల్లో కొత్త డబ్బు రావచ్చు, అప్పుడు వడ్డీ మారవచ్చు. అసలు రాకపోనూ వచ్చు. ఉన్నమాట చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు."

రెండో మెట్టంటే ఏంటో వాళ్ళకు తెలుసు. సింహద్వారం నిలబడాలి. దానికి అటూ ఇటూ మూడు వరుసల ఇటుక లేవాలి. ఇటుకలు దింపి ఉన్నాయి. వేపచెక్క దర్వాజ వడ్రంగి దగ్గర తయారై గోడకు ఆనించి ఉంది. మేస్త్రి పిలిస్తే వస్తాడు. లేనిదల్లా మంచిరోజు.

"మూఢం నడుస్తుంది సార్," హనుమాండ్లు గొంతు తగ్గించి చెప్పాడు. "శివరాత్రి దాటితెగాని దర్వాజ ఎత్తరాదు."

"తెలుసండి. మా అమ్మాయి తాంబూలాలు కూడా అందుకే ఆగాయి. కానీ పైవాళ్ళ కంప్యూటర్‌కి మూఢం పట్టదు కదా."

"దర్వాజ జాగ వదిలిపెట్టి గోడ లేపితే నడవదా సార్?" వనిత అడిగింది. "మూఢం పోయినంక కూర్చోబెట్టుకుంటం."

"రూల్లో దర్వాజ అనే ఉందమ్మా."

"ఫొటో మందం నిలబెట్టి, మల్ల తీస్తే?" అన్నాడు హనుమాండ్లు. అని తనే సిగ్గుపడి టీ గ్లాసులోకి చూశాడు.

బుచ్చిబాబుకు కోపం రాలేదు. అలాంటి మాటలు ఆ కుర్చీలో కూర్చున్నవాడు రోజూ వింటాడు. "అలా చేసినవాళ్ళ ఫైళ్ళు ఇంకా అల్మరాలోనే ఉన్నాయి హనుమాండ్లుగారూ. మీ ఫైలు అందులో పడటం నాకిష్టం లేదు. ఇంకో మాట. స్థలం లచ్చమ్మగారిది కాబట్టి ఫొటోలో ఆవిడ ఉండాలి. దర్వాజ మీద చెయ్యి వేసి నిలబడితే చాలు. ఫొటోలు తీసే మా రాకేశ్ గురువారం ఆ వైపే వెళ్తున్నాడు. మీ ఊరు చివర్లో పెట్టుకోమని చెప్తాను. అంతకంటే నేను చెయ్యగలిగింది లేదు."

మెట్లు దిగుతుంటే వనితకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కార్తీకంలో చక్కటి ముహూర్తం ఉండింది. అప్పుడే ఎత్తి ఉంటే ఈ గొడవే లేదు. ఆడబిడ్డ వరలక్ష్మిని ఫోన్లో పిలిచారు. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదని ఆమె అలిగింది. ఇంటి ఆడపిల్ల వచ్చి గడపకు పసుపు రాయకుండా దర్వాజ ఎత్తేదెట్లా అని లచ్చమ్మ పట్టుబట్టింది. పోయి బొట్టు పెట్టి వద్దామంటే హనుమాండ్లుకు సెలవు దొరకలేదు, వనితకు మరో వంటమనిషి దొరకలేదు. అంతలో మూఢం వచ్చి కూర్చుంది. ఒక్క బొట్టు దగ్గర ఇల్లు ఆగింది. ఈ సంగతి బుచ్చిబాబుకు చెబితే ఏ రూలు కింద రాసుకుంటాడు పాపం.

సాయంత్రం మెట్ల కింది గదిలో పంచాయితీ పెట్టారు. ఆ గదిలో ముగ్గురు కూర్చుంటే నాలుగోవాళ్ళు గుమ్మంలో నిలబడాలి. పైన ఎవరో మెట్లు దిగినప్పుడల్లా మాట ఆపి, చప్పుడు పోయాక మళ్ళీ అందుకోవాలి.

"నా పానం పోయినా మూఢంల ఎత్తనియ్య," అంది లచ్చమ్మ. "ఇంటి మొగోనికి మంచిది కాదు. నాకున్నది ఒక్క కొడుకు."

"పైసలు రాకుంటె ఇల్లే లేదత్తమ్మా. ఇల్లు లేనోళ్ళకు ఏం మూఢం?"

"ఏప్రిల్ల ఇస్తమన్నరు కద."

"ఇస్తమనలే. రావచ్చు, రాకపోవచ్చు అన్నరు. రెండు మాటలల్ల నువ్వు ఒక్కటే పట్టుకుంటవ్."

హనుమాండ్లు ఎటూ చెప్పలేక అక్కకు ఫోను కలిపాడు. అది ఇంకా తప్పయింది. వరలక్ష్మి గొంతు గదంతా నిండింది. "నేను లేకుంట ఎట్ల ఎత్తుతరు? ముహూర్తం లేకుంట, పంతులు లేకుంట, ఆడబిడ్డ లేకుంట. మీకు లోనే ఎక్కువైంది. ఎత్తుకోండ్రి, నన్నైతె పిలవకుండ్రి." టక్కున పెట్టేసింది.

వనితకు ఒళ్ళు మండింది. పళ్ళేలు సర్దుతూ చప్పుడు కాస్త ఎక్కువే చేసింది. "ఆమె రాదు. పంతులు రాడు. నువ్వు ఒప్పవు. ఆడ ఫొటోల చూస్తే నువ్వే ఉండాలంట, దర్వాజ పట్టుకొని. నువ్వే రానంటివి, ఇంకేం ఫొటో, ఇంకేం ఇల్లు."

లచ్చమ్మ నీళ్ళ చెంబు అందుకోబోతూ ఆగింది. "నేనా?"

"జాగ నీదే కదత్తమ్మా."

"దర్వాజను ముట్టుకొనా?"

"చెయ్యి పెట్టి నిలవడాలంట."

పైనుంచి ఎవరో దిగారు. చెప్పుల చప్పుడు నెత్తిమీదుగా వెళ్ళి గేటు దగ్గర ఆగిపోయింది. లచ్చమ్మ చెంబు ఎత్తి నీళ్ళు తాగింది. వనిత ఇక ఆమెను కదిలించలేదు, రేపు చూద్దాం అనుకుంది.

మంగళవారం ఆ సంగతి కమలకుమారికి తెలిసింది. హాస్టల్లో ఏ సంగతైనా ఆవిడకు తెలిసాకే మిగతావాళ్ళకు తెలుస్తుంది. సరుకులు తూయించుకుంటూ ఆవిడ తన తీర్పు చెప్పేసింది. "మూఢంలో గుమ్మం ఎత్తడమేంటి వనితా? మా వైపైతే చచ్చినా ఒప్పుకోరు. శుక్రుడు లేనప్పుడు పెట్టిన గుమ్మంలోకి లక్ష్మి వస్తుందా?"

"లక్ష్మే శుక్రవారంతోటి బందైతుందంట అమ్మగారూ," అంది వనిత. కమలకుమారికి నవ్వాగలేదు. నవ్వుతూనే మళ్ళీ తప్పు తప్పు అని చెంపలేసుకుంది.

లచ్చమ్మ బీన్స్ ఈనెలు తీస్తూ కూర్చుంది. ఆ రోజంతా ఆమె చేతులు నెమ్మదిగా కదిలాయి. మధ్యాహ్నం సాంబారు దింపే వేళ, వంటింట్లో ఇంకెవరూ లేనప్పుడు, ఉన్నట్టుండి అడిగింది.

"వనితా, మూఢంల పంతులు రాడు కద?"

"రాడు."

"పూజ ఉండదు."

"ఉండదు. ఏం ఉంటది?"

"ఊరోళ్ళను బొట్టు పెట్టి పిలుసుడు, ముత్తైదలు వచ్చుడు, హారతి, ఏది ఉండదు."

"ఏది ఉండదత్తమ్మా. మేస్త్రి, వడ్రంగి, నీ కొడుకు, నువ్వు, ఫొటో పిలగాడు. గంతే. వట్టి కట్టె నిలబెట్టుడు."

లచ్చమ్మ ఈనెలన్నీ ఒక్క చోటికి ఊడ్చింది. చేతులు చీరకు తుడుచుకుంది. "అయితె పోదాం. గురువారం పోదాం. హనుమాండ్లుకు చెప్పు."

వనిత సాంబారు గుండిగ దగ్గరే నిలబడిపోయింది. నిన్న పానం పోయినా అన్న మనిషి ఇవాళ పోదాం పద అంటోంది. డబ్బు బాధ ఆమెకూ అర్థమై ఉంటుంది, కొడుకు మీది భయాన్ని కూడా మింగుకుని ఒప్పుకుంది అనుకుంది. కళ్ళు చెమ్మగిల్లాయి. "నీ రుణం ఉంచుకోనత్తమ్మా," అంది. లచ్చమ్మ చాటెడు ఈనెలు ఎత్తుకుని చెత్తబుట్ట దగ్గరికి వెళ్ళిపోయింది.

గురువారం తెల్లవారకముందే తల్లీ కొడుకులు బస్సెక్కారు. వనిత కదలడానికి లేదు. బదులు చేస్తానన్న వంటమనిషి చుట్టాల పెళ్ళికి పోయింది. మూఢంలో పెళ్ళేంటని ఎవరైనా అడుగుతారేమోనని ముందే జ్వరమని చెప్పి పోయింది. ఆ పూట పూరీలు. పిండి తడిపి, ఉండలు చేసి, నూనె పెట్టి, ఒక చెవి ఫోను మీదే ఉంచి పని చేస్తోంది వనిత. మేస్త్రి వచ్చాడో లేదో తెలియదు. రాకేశ్ దారి తప్పాడేమో తెలియదు. నూనెలో పూరీ పొంగిందో లేదో కూడా ఆమెకు సరిగ్గా తెలియడం లేదు.

ఫోను మోగేసరికి రెండు చేతులూ పిండిలో ఉన్నాయి. వీడియో కాల్. కమలకుమారే దాన్ని ఎత్తి, పోపుల డబ్బాకు ఆనించి నిలబెట్టింది. "నువ్వు చూడు. నేను ఒత్తుతాను," అని అప్పడాల కర్ర లాక్కుంది. ఆవిడ ఒత్తిన మొదటి పూరీకి నాలుగు మూలలు వచ్చాయి. వనిత చూసీ చూడనట్టు ఊరుకుంది. యజమానురాలు పీట ముందు కూర్చుని పూరీలు ఒత్తడం ఆ హాస్టల్ పుట్టాక అదే మొదలు.

తెర మీద ముందు ఆకాశం కనబడింది, తర్వాత హనుమాండ్లు చెప్పులు. తర్వాత బేస్‌మెంట్. అటుపక్క మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని సిమెంటు మాలు కలుపుతున్నాడు. వడ్రంగీ ఇంకో మనిషీ దర్వాజను మోసుకొచ్చి మధ్యలో పడుకోబెట్టారు. వేపచెక్క కొత్త రంగుతో మెరుస్తోంది. రాకేశ్ మోటారుసైకిలుకు ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు. ఎక్కడా కొబ్బరికాయ లేదు, మామిడాకు లేదు, కొత్తబట్టలు కట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. అది చూడగానే వనితకు మనసు చివుక్కుమంది. తన ఇంటి గడప ఇలా దిక్కులేనట్టు లేస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"అత్తమ్మ ఏది?" అంది.

"గీడనే ఉన్నది," అని హనుమాండ్లు ఫోను తిప్పాడు.

లచ్చమ్మ బేస్‌మెంట్ మీదికి ఎక్కుతోంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఒక మోకాలు రాతి మీద ఆనించి, రెండోది లాక్కుని ఎక్కింది. దర్వాజ దగ్గరికి నడిచి, గడపచెక్క ముందు కూర్చుంది. కొంగు చివర ముడి విప్పింది. అందులో పసుపు ఉంది.

"అమ్మా," అన్నాడు హనుమాండ్లు.

మేస్త్రి అలవాటుకొద్దీ అన్నాడు. చెడ్డవాడేమీ కాదు, చిన్నప్పటి నుంచి విన్నదే అన్నాడు. "అవ్వా, నువ్వు జర పక్కకు జరుగు. గడప కద."

లచ్చమ్మ తల ఎత్తింది. గొంతు పెంచలేదు. ఫోన్లో ఆమె మాట ఎంత స్పష్టంగా వినిపించిందంటే, పూరీ ఒత్తుతున్న కమలకుమారి కర్ర ఆపింది.

"ఎందుకు పక్కకు? ఇయ్యాల మంచిదినమా? కాదు కద. మంచిదినం కానినాడు నేను ముట్టుకుంటె ఎవలకు దోషం కొడుకా?"

మేస్త్రి తాపీ కింద పెట్టాడు.

"పునాదికి ముగ్గు పోసిననాడు ట్రాక్టర్ ఎన్క నిలవడి చూసిన. నా జాగల, నా కొడుకు ఇంటికి. మొగడు సచ్చినదాన్ని, ముంగట ఉండరాదని నేనే పోయి నిలవడ్డ. నన్నెవలు పొమ్మనలే, రమ్మని సుత అనలే. మూఢం పోయినంక మంచిగ ముహూర్తం పెట్టి ఎత్తితె, అప్పుడు సుత నేను ఆడనే నిలవడుదును. గీ ఒక్కనాడు పంతులు లేడు, ముత్తైద లేదు, అడిగెటోడు లేడు. నన్ను రాసుకోనియ్యి."

ఆమె పసుపులో నీళ్ళు చిలకరించి కలిపింది. గడపకు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, ఉల్లిగడ్డ తరిగినంత శ్రద్ధగా, ఎక్కడా వెలితి లేకుండా రాసింది. అయిపోయాక మళ్ళీ మొదటికి వచ్చి ఇంకోసారి రాసింది. ఎవరూ తొందరపెట్టలేదు. రాకేశ్ ఫోను జేబులో పెట్టేసి, మోటారుసైకిలు వదిలి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

వనితకు చూపు మసకబారింది. పిండి చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. ముగ్గు పోసిన రోజు పసుపు కుంకుమల పళ్ళెం తన చేతిలోనే ఉంది. అత్త ఎక్కడుందో ఆ రోజు ఒక్కసారి కూడా తలతిప్పి చూడలేదు. ఇన్నాళ్ళుగా ఒకే పొయ్యి దగ్గర పనిచేస్తూ కూడా, ఈమె మనసులో ఇంత కోరిక ఉందని తనకు తెలియలేదు. కొడుకుకు ఏమవుతుందోనని నిజంగానే భయపడిన మనిషి, ఆ భయం పక్కన పెట్టి బస్సెక్కింది డబ్బు కోసం కాదన్నమాట. ఇప్పుడు సిగ్గు వేసింది. సిగ్గు కంటే ఎక్కువ సంతోషం వేసింది. ఇంకా ఎక్కువగా, ఈ పాడు శుక్రవారం గడువు పెట్టిన, పేరు తెలియని ఆ పైవాళ్ళ మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"మేస్త్రన్నా," ఫోనుకు నోరు దగ్గరపెట్టి పిలిచింది. "మా అత్తమ్మ పట్టుకున్నంకనే ఎత్తు. నేను చెప్తున్న, ఈ ఇంటి కోడలిని."

మేస్త్రి తలాడించాడు. హనుమాండ్లు ఫోనును ఇటుకల కుప్పకు ఆనించి వచ్చాడు, నలుగురూ కలిసి ఎత్తారు. లచ్చమ్మ ఎడమపక్క నిలువుచెక్క పట్టుకుంది. మేస్త్రి దారానికి కట్టిన గుండు వేలాడదీసి, ఒక కన్ను మూసి, "ఇటు జర, ఇంక జర, చాలు" అన్నాడు. రాళ్ళు తోసి బిగించారు. ఇటుకలు ఎక్కడం మొదలైంది. మూడు వరుసలూ అయ్యేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు. తియ్యవచ్చని ఎవరూ చెప్పలేదు.

"అవ్వా, కెమెరా దిక్కు చూడు," అన్నాడు రాకేశ్.

ఆమె చూడలేదు. దర్వాజ లోంచి అవతలికి, ఇంకా గదులు కాని ఖాళీ జాగాలోకి చూస్తోంది. రాకేశ్ అలాగే తీసుకున్నాడు.

ఫోను చీకటైంది. వంటింట్లో నూనె పొగలు కక్కుతోంది. కమలకుమారి పొయ్యి తగ్గించి, తన వంకర పూరీలన్నీ పళ్ళెంలో పేర్చి, "ఇవి ముందు నాకే వెయ్యి, పిల్లలు చూస్తే నవ్వుతారు," అంది. మూఢం మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. సాయంత్రం వెళ్ళేటప్పుడు మాత్రం, "మీ అత్తగారు వచ్చాక నా దగ్గరికి ఒకసారి పంపు, ఊరికే," అని చెప్పి వెళ్ళింది.

శుక్రవారం మధ్యాహ్నం వనిత పంజాగుట్ట ఆఫీసులో కూర్చుంది. బుచ్చిబాబు కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పి ఫొటో చూపించాడు. రూలు ప్రకారం యజమాని మొహం కెమెరా వైపు ఉండాలట. లచ్చమ్మ మొహం సగమే కనబడుతోంది. చేతులు మాత్రం పచ్చగా, పెద్దగా, ముందుకు ఉన్నాయి.

"నిన్న దీన్ని తిప్పి పంపాల్సింది నేను," అన్నాడు. "రాకేశ్ జరిగిందంతా చెప్పాడు. ఫొటోలో ఉన్నది ఆవిడే అని సంతకం పెట్టి పైకి పంపించాను. పొద్దున ఓకే చేశారు. సాయంత్రానికి మీ ఖాతాలో పడుతుంది."

వనిత లేచి నిలబడి దండం పెట్టింది. కూర్చోమని అతను కంగారుపడ్డాడు. టీ చెప్పాడు. ఈసారి ఆ టీ ఆమె చివరి చుక్క దాకా తాగింది.

"స్లాబు సంగతి మాత్రం నన్నడక్కండి," అన్నాడు చివరికి. "కొత్త డబ్బు వస్తుందని నేను అనను. వస్తే మొదటి ఫోను మీకే చేస్తాను."

"మీరు చేసిందే మస్తు సార్. ఇంత చెప్పెటోళ్ళే ఉండరు."

మెట్లు దిగుతుండగా వరలక్ష్మి ఫోను. కయ్యానికే చేసి ఉంటుందని వనిత కొంగు సర్దుకుని సిద్ధమై ఎత్తింది.

"గడపకు అమ్మ పసుపు రాసిందంట కద."

"రాసింది వదినా."

"తమ్ముడు చెప్పిండు. నేను వచ్చి ఉంటే ముట్టనియ్యకపోదును వనితా. నేనే వద్దందును. అలిగి రాకపోయిందే మంచిగైంది." వనిత మెట్ల మీదే కూర్చుని, ఆమె ఏడ్చి ఊరుకునేదాకా ఫోను చెవికి పెట్టుకుని ఉంది.

శనివారం హాస్టల్లో మళ్ళీ ఉప్మా. లచ్చమ్మ ఊరి నుంచి వచ్చి, ఏమీ జరగనట్టు పీట మీద కూర్చుని ఉల్లిగడ్డల బుట్ట ముందుకు లాక్కుంది. డబ్బు పడింది, గోడలు లేస్తున్నాయి అని వనిత చెబితే తలూపింది. స్లాబు డబ్బులు వస్తాయో రావో తెలియదట అని కూడా చెప్పక తప్పలేదు. చెబుతుంటే వనిత గొంతులో పాత భయం మళ్ళీ తొంగిచూసింది. గోడలుండి కప్పు లేని ఇల్లు ఎన్ని వానలకు ఆగుతుంది.

లచ్చమ్మ కత్తిపీటను ముందుకు జరుపుకుంది.

"పోనీ తియ్యి. జర ఆలస్యంగ రానీ," అంది. "మల్ల మూఢం ఎప్పుడొస్తదో పంతులును అడిగి పెట్టు. స్లాబు అప్పుడే పోసుకుందాం."

వనిత మూకుడు దింపేసి, ఆమె ఎదుట చతికిలబడి, ఆ ముసలి చేతులు రెండూ పట్టుకుంది.

"మూఢం ఎందుకత్తమ్మా? మంచిదినం నాడే పోసుకుందాం. ఊరందరిని పిలుద్దాం. అందరి ముంగట మొదటి తట్ట నువ్వే ఎత్తాలె."

"ఊరోళ్ళు ఒప్పుకోరు బిడ్డా."

"ఊరోళ్ళకు నేను చెప్త."

లచ్చమ్మ చేతులు విడిపించుకోలేదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే, "గీ ఉల్లిగడ్డలు మస్తు ఘాటున్నయి," అంది. ఆ పొద్దు ఆమె ఇంకా ఒక్క ఉల్లిగడ్డ కూడా తరగలేదు.